తాళం మన చేతిలోనే ఉంది, వేయడానికే బద్ధకం



"రైతోళ్లం, మన ఫోన్‌లో దాచుకోడానికి ఏముందిలే" అని మొన్న రచ్చబండ దగ్గర ఒకాయన అంటే అందరూ తలూపారు. నాకు ఒళ్లు మండింది. మోటారు స్టార్టర్ డబ్బాకు తాళం వేస్తాం, చేనుకు కంచె వేస్తాం. ధాన్యం డబ్బులు పడే ఖాతా ఉన్న ఫోన్‌కు మాత్రం ఏమీ అక్కర్లేదా?

ఆ మర్నాడే మా గ్రూపులో పీఎం కిసాన్ పేరుతో ఏపీకే ఫైలు వచ్చింది. పంపింది మనోడి నంబరే, కానీ అప్పటికే అతని ఫోన్ దొంగల చేతిలో ఉంది. అది ఇన్‌స్టాల్ చేసి, మెసేజ్‌లు చదవడానికి అనుమతి ఇచ్చామా, మన ఓటీపీలన్నీ వాళ్లకే. ఏడాదికొచ్చే 6000 కోసం చూసుకుంటే పంట డబ్బంతా ఊడ్చుకుపోతారు. ఏ పథకానికైనా సరే, వాట్సాప్‌లో వచ్చిన ఫైలు ముట్టుకోవద్దు.

రెండోది వేలిముద్ర. 2018లో తెలంగాణలో భూముల రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోగలమా? ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ లేకుండానే మైక్రో ఏటీఎంలో డబ్బు తీయొచ్చు.

దీనికి తాళం ఉంది. ఆధార్ వెబ్‌సైట్‌లో బయోమెట్రిక్ లాక్, పైసా ఖర్చు లేదు. వేలిముద్ర వేయాల్సిన రోజు కాసేపు తెరుచుకోవాలి. "అదో తలనొప్పి" అంటారా? ఇంటి తాళం రోజూ తీసి వేయట్లేదా? కాకపోతే ఆధార్‌కు లింకైన నంబరు మీదే అయి ఉండాలి. వేరేవాళ్లది ఉంటే ముందు అది మార్పించుకోండి.

ఇంకోవైపు యూట్యూబ్ పండితులు "వీపీఎన్ కొనండి, అన్నీ భద్రం" అని ఊదరగొడుతున్నారు. మనం చేతులారా ఓటీపీ ఇచ్చేస్తే ఏ వీపీఎనూ ఆపలేదు. మన నెట్ రాకపోకలు నెట్ కంపెనీకి కనపడకుండా వీపీఎన్ కంపెనీ చేతిలో పెట్టడమే అది చేసే పని. తెగులు ఒకటైతే మందు ఇంకోటి కొట్టినట్టు! పురుగుమందుల షాపులో ఈ మోసం మనకు కొత్తా?

కొనాల్సింది ఏమీ లేదు. వాట్సాప్ సెట్టింగుల్లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఆరంకెల పిన్ పెట్టండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదని ఇంట్లో అందరికీ చెప్పండి. డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత ఆలస్యమైతే అంత నష్టం.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు తర్వాత నన్ను అడగొద్దు. ఈ రాత్రి అన్నం తిన్నాక మీ ఫోన్‌తో పాటు అమ్మా నాన్నల ఫోన్లూ పట్టుకుని కూర్చోండి. చేశాక కింద "వేశాను" అని రాయండి, చూస్తా ఎంతమంది ఉన్నారో.