ప్రీమియం దుడ్డు ఎక్కడికి పోతుంది?

మన ఇండ్ల పిల్లలు చాలామంది అమెరికాలో ఉండారు. వాళ్ళ జీతంలో ఆరోగ్య బీమా ప్రీమియం పట్టుకుంటారు. ఆ దుడ్డంతా వైద్యానికే పోతుందని అనుకోవద్దు.

చట్టసభ సభ్యులను, అధికారులను తమవైపు తిప్పుకోవడానికి కంపెనీ ఎంత ఖర్చు పెట్టిందో రాసి ఇవ్వాలని అక్కడ 1995లో చట్టం చేసినారు. ఇప్పుడు మూడు నెలలకొకసారి ఇవ్వాలి. ఎవరైనా చూడవచ్చు. రైల్వేలో రిజిస్టర్లు రాసి రిటైరైన మాకు ఇది వింటే ముచ్చటే. కానీ రిజిస్టర్లో ఎక్కని దుడ్డు అని ఒకటి ఉంటుంది.

2009లో ఒబామా ఆరోగ్య చట్టం తెస్తా ఉంటే, 'అమెరికాస్ హెల్త్ ఇన్సూరెన్స్ ప్లాన్స్' అనే బీమా కంపెనీల సంఘం, మార్పు కావాల్సిందే అని బయట చెప్పింది. అదే ఏడు యూఎస్ ఛాంబర్ ఆఫ్ కామర్స్‌కు 8.62 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఛాంబర్ ఆ చట్టానికి ఎదురుగా ప్రకటనలు వేసింది. ఈ సంగతి పేపర్లో వచ్చింది 2010 నవంబరులో. చట్టం మార్చిలోనే అయిపోయింది, సర్కారే నడిపే బీమా అందులో లేకుండా. (దానికి ఈ దుడ్డొకటే కారణమని మేము అనము, సెనేట్‌లో ఓట్లూ చాలలేదు.)

లంచం కాదు, చట్టప్రకారమే అంటారు. సరే, అట్లయితే ఎవరి చేతిమీదుగా పోయిందో కూడా అప్పుడే రాయండి. మన దేశంలో ఆ మూడు నెలల లెక్క కూడా లేదు. ఎన్నికల బాండ్ల పేర్లు 2024లో సుప్రీంకోర్టు చెప్తేనే బయటికి వచ్చినాయి.

ఈసారి పిల్లలు ఫోన్ చేస్తే అడగండి, వాళ్ళ బీమా కంపెనీ ఈ మూడు నెలలకు ఎంత రాసిచ్చిందో చూసినారా అని.