ఒకే వ్రాత, రెండు లిపులు

మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి వైపు చాలా ఇళ్ళల్లో మాట తెలుగు, బడిచదువు కన్నడం. చింతామణి తాలూకా కైవారం తాతయ్యగారి తెలుగు కీర్తనలను కన్నడ అక్షరాల్లో వ్రాసికొని పాడేవారు మనలో ఎందరో ఉన్నారు. మా అమ్మ మాత్రం తన పెండ్లిపాటలన్నీ తెలుగు అక్షరాల్లోనే వ్రాసి పెట్టింది. మనుమలకు ఆ మాట వచ్చును, ఆ అక్షరం రాదు.

ఇరవై యేండ్ల క్రితం ఆ పాటలను ఒక అంగడిలో అచ్చువేయించాము. మొన్న మరికొన్ని ప్రతులు కావలసివచ్చి పాత ఫైలు తెరిస్తే పాటలకు బదులు పిచ్చిగీతలు కనబడ్డాయి. ఆనాటి ఫాంటు పోయింది, దానితోబాటు అక్షరాలూ పోయాయి. అమ్మ నోటుబుక్కు ఉండబట్టి బ్రతికాము.

ఈసారి టెక్ పద్ధతి పట్టుకొన్నాను. డొనాల్డ్ క్నూత్ అనే అమెరికా ఆచార్యుడు 1977లో తన గ్రంథం ప్రూఫులు చూచి, అచ్చు నచ్చక, కూర్పుపని చేసే ప్రోగ్రాము తానే వ్రాయబూనాడు. డబ్బిచ్చి కొనవలసిన పని లేదు. 2004లో జోనథన్ క్యూ చేసిన జీటెక్ యూనికోడ్ తెలుగును నేరుగా చదువుతుంది.

పని ఇలా సాగుతుంది. పాటలను మామూలు ఫైలులో టైపు చేసి, ఇది శీర్షిక, ఇది చరణం అని గుర్తులు పెట్టాలి. పిదప నల్లని తెరమీద జీలాటెక్ అని, ఫైలు పేరు కొట్టాలి. పుటలు కూర్చి పీడీఎఫ్ ఇస్తుంది. గుర్తు తప్పితే ఏ పంక్తిలో చిక్కుకొన్నదో చెప్పి ఆగుతుంది. విషయసూచికకు రెండుసార్లు నడపాలి: మొదటిసారి పుటసంఖ్యలు వ్రాసికొంటుంది, రెండవసారి వాటిని సూచికలో వేస్తుంది. ఫాంటు పేరుతోబాటు లిపి తెలుగు అనికూడా చెప్పాలి. లేకుంటే వత్తులు విడిపోవచ్చును.

అసలు లాభం వేరే ఉన్నది. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక అంకె. తెలుగు అ 3077, కన్నడ అ 3205. తేడా 128. తెలుగు క 3093, కన్నడ క 3221. మళ్ళీ 128. దాదాపు అన్ని అక్షరాలకూ ఇదే లెక్క. మా అబ్బాయి వ్రాసిన నాలుగు పంక్తుల ప్రోగ్రాము తెలుగు అక్షరాలకు మాత్రమే 128 కలుపుతుంది. ఫాంటు, లిపి పేర్లు మార్చి నడిపితే అదే తెలుగు పాట కన్నడ అక్షరాల్లో వస్తుంది.

మనుమరాలు ఆ ప్రతి చూచి పాడుతుంటే, అమ్మ వింటూ, "ఆ చరణంలో దీర్ఘం పోయిందే!" అన్నది. నేనే తప్పు కొట్టాను. తెలుగు ఫైలులో ఒక్కచోట దిద్ది మళ్ళీ నడిపాను. రెండు పుస్తకాలూ సరిపోయాయి.

మీ ఇళ్ళలో ఇట్టి నోటుబుక్కులు ఉంటే, వ్రాసినవారు ప్రక్కన కూర్చొని దిద్దగలిగిన రోజుల్లోనే టైపు చేసి పెట్టండి.