పసిబిడ్డల త్రాగునీరు

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన పండిత నెహ్రూ శంకుస్థాపనము గావించిరి. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల మెట్ట నేలలను మాగాణములుగా మార్చినది. జొన్న పండినచోట వరి పండినది. ఎకరము వెల ఎన్ని రెట్లు పెరిగినదో మా పాఠకులలో భూవసతి గలవారికి మేము చెప్పనక్కరలేదు. ఆనాటి నల్లగొండ జిల్లా పశ్చిమభాగమున మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మొదలగు మెట్ట పల్లెల బిడ్డలందఱికిని అదే కృష్ణాజలము ఇంటి నల్లాలో లభించుటకు మఱియొక అర్ధశతాబ్దము పట్టినది. పైరునకు ముందు, పసిబిడ్డకు వెనుక: ఈ క్రమమును ఎవ్వరును శాసనముగా వ్రాయలేదు. వ్రాయకయే అమలు జరిగినది.

తెలియక జరిగినదందుమా? అట్లనుటకును వీలులేదు. 1937లోనే, నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతముల జనుల వెన్నులు బిగిసి, నడుములు వంగిపోవుటకు బావినీటి యందలి ఫ్లోరైడే హేతువని షార్టు ప్రభృతి వైద్యులు ప్రకటించిరి. అది మన తెలుగునాటనే, తెలుగువారి దేహములపైననే తేలిన సత్యము. 1973లో హైదరాబాదు నందలి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కృష్ణస్వామిగార్లు ఫ్లోరైడు పీడిత ప్రాంతములలో పడుచువారి మోకాళ్లు లోపలికి వంగిపోవు వ్యాధిని గూర్చి ‘లాన్సెట్’ పత్రికయందు వ్రాసిరి. లండను నగరమునందలి వైద్యులకు తెలిసిన సంగతి మన ఏలికల చెవికి చేరుటకు దూరమధికమైనదేమో!

మన నేల నల్లరాతి నేల. ఆ రాతి పగుళ్లలో ఎంతకాలము నీరు నిలుచునో అంతగా ఫ్లోరైడు అందులో కరుగును. బోరు లోతునకు పోయినకొలది ఇట్టి పాతనీరే పైకి వచ్చుట సామాన్యము. లీటరు నీటియందు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన దేశ ప్రమాణము 1 మిల్లీగ్రామే, వేఱు గతిలేనిచో 1.5. పెద్దవానికంటె బిడ్డ తన బరువునుబట్టి చూడ హెచ్చునీరు త్రాగును. ఎనిమిదేండ్లలోపు శాశ్వత దంతములు లోపలనే రూపొందుచుండును. ఆ కాలమున చెడిన పంటిపొర మరల బాగుపడదు. ఎదుగుచున్న ఎముకకును విషము సులభముగా అంటును. పాలు, కూరలు చాలని యింటి బిడ్డకు బాధ మఱింత అధికము. కూలివాని బిడ్డకు ఇది గోరుచుట్టుపై రోకటిపోటు.

ఈ బాధ నుండియే ఒక విచిత్రమైన గౌరవము మన జిల్లాకు లభించినది. పటికయు సున్నమును కొలతప్రకారము నీటిలో కలిపి, బ్లీచింగు పొడి చేర్చి, కలియద్రిప్పి, తేరిన నీటిని వంచుకొను పద్ధతిని నాగపురము నందలి పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970 దశకమున రూపొందించిరి. దానికి ‘నల్లగొండ పద్ధతి’ యని పేరు. టాంజానియా, ఇథియోపియా దేశములకు సైతము అది యీ పేరుతోనే పయనించినది. అయినను పటిక యెంత వేయవలెనో నీటి క్షారమునుబట్టి మాఱును. అడుగున మడ్డి దిగును. దానిని బిడ్డలకు దూరముగా పాఱవేయవలెను. నాట్లకు తెల్లవాఱకముందే పోవు తల్లి ప్రతిదినము ఈ కొలతలు చూడగలదా? పద్ధతి మంచిదే. ప్రభుత్వము మోయవలసిన బరువును బిందె పట్టిన యిల్లాలి తలపై పెట్టుటయే అందలి దోషము.

1996 లోక్‌సభ ఎన్నికలలో జలసాధన సమితి ప్రోద్బలమున వందలకొలది జనులు నామపత్రములు వేయగా, నల్లగొండ స్థానమున 480 మంది అభ్యర్థులు నిలిచిరి. మతపత్రము పుస్తకమైనది. పోలింగు వాయిదాపడినది. ఆ యెన్నికల పిమ్మట పార్లమెంటు సామాన్య అభ్యర్థుల ధరావత్తును రూ. 500 నుండి రూ. 10,000కు పెంచెను. మొరపెట్టువారు పెరిగినచో మొర వినుటకంటె మొరపై సుంకము విధించుట సులభము గదా!

అటుపిమ్మట జరిగిన మేలును మఱుగుపఱచుట మా అభిమతము గాదు. 2016 ఆగస్టు 7వ తేదీన ప్రారంభమైన మిషన్ భగీరథ కృష్ణా గోదావరీ జలములను గొట్టముల ద్వారా పల్లెలకు చేర్చినది. 2020 నాటికి తెలంగాణమున ఫ్లోరైడు పీడిత ఆవాసము ఒక్కటియు లేదని కేంద్రప్రభుత్వపు లెక్కలు చెప్పినవి. ఇది సామాన్యమైన కార్యము గాదు. కాని ఆ సున్న ఊరికి నీరు సరఫరాయగుటను గూర్చినది. బిడ్డ యే నీరు త్రాగెనో దానికి తెలియదు. నల్లా ఇంటిలో ఉండును. బిడ్డ పగలెల్ల బడిలోనో, అంగన్‌వాడీలోనో, తల్లి వెంట ప్రత్తిచేనిలోనో, ఇటుకబట్టీ వద్దనో ఉండును. గొట్టము పగిలినను, మోటారు చెడినను దాహము ఆగదు. ప్రక్కనే బోరుపంపు ఉండనే యున్నది. ఫ్లోరైడు పీడితుల పక్షమున బ్రదుకంతయు పోరాడిన శివన్నగూడెము వాస్తవ్యుడు అంశాల స్వామి 2023 జనవరిలో కన్నుమూసెను. లెక్కలలో సున్న పడిన తరువాత కూడ వంగిన యెముక వంగియే యుండును.

ఇక పట్టణవాసుల సంగతి. కోదాడలో గాని సూర్యాపేటలో గాని కలిగినవారి యింట నేడు ఇరువది లీటర్ల డబ్బా వెలసినది. దీనికి ‘మినరల్ వాటర్’ అని పేరు; అందుండి తీసివేయబడునవి ఖనిజములే! శుద్ధిచేయు యంత్రము విడిచిన ఉప్పునీరు వీధికాలువలో పడి మరల నేలలోనికే దిగును. పూర్వము ఊరి బావివద్ద కులమునుబట్టి హద్దు ఉండెడిది. 1927లో మహాడు చెరువునొద్ద డాక్టరు అంబేడ్కరు చేసినది ఆ హద్దుపైని దండయాత్రయే. నేడు ఆ హద్దును రూక గీయుచున్నది. డబ్బా కొనుగోలు చేయు గృహస్థునకు ఊరి నల్లాపై చింత యుండదు. చింత లేనివాడు గ్రామసభలో దానిని గూర్చి అడుగడు. మాటకు విలువగలవారు అడుగకున్న అధికారియు కదలడు.

పరదేశముల అనుభవము చూడుడు. 1970 దశకమున బంగ్లాదేశములో మురికి చెరువుల నుండి బిడ్డలను కాపాడుటకై గొట్టపుబావులు వేలకొలది త్రవ్వించిరి. ఉద్దేశము ఉత్తమము, నీటిలోని పాషాణమును మాత్రము పరీక్షింపలేదు. అది 1993లో గాని బయటపడలేదు. ధనికమైన అమెరికాలో ఫ్లింటు పట్టణమున 2014లో నీటి మూలమును మార్చగా బిడ్డల రక్తమున సీసము హెచ్చినది. త్రాగునీరు మానవుల హక్కని ఐక్యరాజ్యసమితి 2010 జులై 28న తీర్మానించినను, 2022 లెక్కల ప్రకారము 220 కోట్ల జనులకు సురక్షితమైన నీటివసతి లేదు. బీద దేశమైనను ధనిక దేశమైనను, పరీక్షింపని నీటిని నమ్మినచోట దెబ్బతిన్నది బిడ్డయే.

మనకు శాసనముల కొఱత లేదు. 1987 జాతీయ జలవిధానము పంపకములో త్రాగునీటికే అగ్రస్థానమిచ్చినది. 2009 విద్యాహక్కు చట్టము ప్రతి బడిలోను సురక్షితమైన నీరుండవలెనన్నది. 2012లో సుప్రీముకోర్టు ఆఱునెలల గడువు పెట్టినది. 2019లో వచ్చిన జలజీవన పథకము గ్రామమునకు అయిదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పవలెనన్నది. 2024 సెప్టెంబరు తొలినాళ్ల వఱదలలో నడిగూడెము మండలమున ఎడమ కాలువకు గండిపడినప్పుడు మునిగిన మడులను గూర్చి అందఱము విచారించితిమి; అది న్యాయమే. ఆ వఱద తీసిన పిదప మీ ఊరి బడినీటిని పరీక్షించిన కాగితమును మీలో ఎందఱు అడిగి చూచితిరి?

మునగాల సంస్థానమునకు దివానుగా నుండిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పి శాస్త్రమును తెలుగున చెప్పించిరి. ఆ శాస్త్రము నేడు బడిగోడపై ఒక్క అంకెగా కనబడిన చాలును: ఈ నీటియందు ఫ్లోరైడు ఇంత, పరీక్షించిన తేదీ ఇది. వర్షములకు ముందొకమాఱు, వెనుకొకమాఱు పరీక్షింపవలెను. కాలువ కట్టివేయు దినములలో త్రాగునీటి చెఱువులు నిండిన తరువాతనే మడులకు తూములెత్తుటకు ఆయకట్టుదారులు తామై ఒప్పుకొనవలెను; ఇది మా పాఠకుల చేతిలోనున్న పని. జూనులో బడులు తెఱచునాటికి కోదాడ మొదలు మర్రిగూడ వఱకు ప్రతి పాఠశాల గోడపైనను ఆ అంకె ఉండవలెను. లేని బడి పేరును గ్రామసభలో పైకి చదివి, కారణమును పంచాయతీ కార్యదర్శిచేత వ్రాయించి సంతకము తీసికొనవలెను.