పాత కెమెరాకు ధర తెచ్చేది బిల్లే

సోనీ 2013లో ఏ7ను, నికాన్, కేనన్ 2018లో జడ్, ఆర్ శ్రేణులను తెచ్చాక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్లు ఒక్కొక్కరుగా మిర్రర్‌లెస్ కెమెరాలకు మారుతున్నారు. కొత్తది కొనాలంటే చాలామందికి చేతిలోని డీఎస్ఎల్ఆరే పెట్టుబడి. కోఠిలోని దుకాణంలో ఇస్తే డబ్బు వెంటనే వస్తుంది. కానీ దుకాణదారు తన లాభం, రిపేరు ఖర్చు మినహాయించుకునే ధర చెబుతాడు. నేరుగా కొనేవారికి అమ్మితే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని ఆన్‌లైన్‌లో ప్రకటన పెడతారు. అక్కడ బేరం తెగేది నమ్మకం దగ్గరే.

దీనికి చట్టపరమైన కారణం ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు, ఒక వ్యక్తి వ్యాపారంగా కాకుండా సొంత వస్తువును అమ్ముకునే లావాదేవీకి వర్తించవు. అంటే వస్తువు బాగోలేకపోతే వాపసు ఇచ్చే ఏర్పాటేదీ కొనేవారికి లేదు. దొంగ సొత్తని తెలిసీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. కెమెరాలు అద్దెకు తీసుకుని అమ్మేసే ముఠాల గురించి విన్నవారు బిల్లు లేని కెమెరా జోలికి వెళ్లరు. వెళ్లినా సగం ధరకే అడుగుతారు.

కాబట్టి అమ్మేవారు ముందే రుజువులు సిద్ధం చేసుకోవాలి. జీఎస్టీ బిల్లుపై సీరియల్ నంబరు, బాడీపై నంబరు ఒకటే కావాలి. రెండోది షట్టర్ కౌంట్. నికాన్ డీ750 షట్టర్‌ను 1,50,000 క్లిక్‌ల వరకు పరీక్షించినట్లు కంపెనీ చెబుతుంది. 40,000 తిరిగిన కెమెరాకూ, 1,40,000 తిరిగిన కెమెరాకూ ఒకే ధర రాదు. నికాన్‌లో ఈ లెక్క ఫోటో ఫైల్‌లోనే ఉంటుంది. కేనన్‌లో చాలా మోడళ్లకు విడిగా సాఫ్ట్‌వేర్ కావాలి. లెన్స్‌లోకి టార్చ్ వేసి తీసిన ఫోటో కూడా పెట్టాలి. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల తేమలో ఫంగస్ అనుమానం కొనేవారికి మొదటే వస్తుంది. ఉన్న గీతను చెబితే కొంత ధర తగ్గుతుంది. దాస్తే బేరమే పోతుంది.

బాడీ, లెన్స్ విడివిడిగా అమ్మడం మేలు. పాత బాడీ ధర త్వరగా పడిపోతుంది. కేనన్ ఈఎఫ్ లెన్స్‌లు అడాప్టర్‌తో ఆర్ కెమెరాలపైనా పనిచేస్తాయి కాబట్టి వాటికి గిరాకీ ఇంకా ఉంది.

ఇక డబ్బు చేతికొచ్చే ఘట్టం. సైనికాధికారినంటూ, బేరమాడకుండా, కెమెరా చూడకుండానే అడ్వాన్స్ పంపుతాననేవారి మోసాల గురించి పోలీసులు ఏళ్లుగా హెచ్చరిస్తున్నారు. వ్యక్తుల మధ్య యూపీఐ 'కలెక్ట్ రిక్వెస్ట్'లను ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ నుంచి ఆపేసింది. అయినా క్యూఆర్ కోడ్, నకిలీ స్క్రీన్‌షాట్ల బెడద పోలేదు. డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. జనం తిరిగే చోట పగటిపూట కలిసి, సొమ్ము ఖాతాలో పడిందని బ్యాంకు యాప్‌లో చూసుకున్నాకే కెమెరా ఇవ్వాలి. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

పోయిన ఫోన్‌ను ఐఎంఈఐతో బ్లాక్ చేసే సీఈఐఆర్ సదుపాయం 2023 మే నుంచి దేశమంతటా ఉంది. లక్షల విలువైన కెమెరాకు మాత్రం అలాంటి జాతీయ రిజిస్టర్ లేదు. అది ఉంటే కొనేవారు క్షణంలో నంబరు సరిచూసుకునేవారు, నిజాయితీగా అమ్మేవారికి న్యాయమైన ధర దక్కేది. అంతవరకు పాత బిల్లును పారేయకుండా దాచుకున్నవారిదే పైచేయి.