శాతం లెక్కన కాదు, పని లెక్కన

ఉద్యోగ విరమణ అయిపోయింది. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడ్డారు. పెద్ద జబ్బు చేస్తే చెన్నై పరుగెత్తాల్సి వస్తోంది. ఇక విశాఖో శ్రీకాకుళమో వెళ్ళిపోదామనుకుని, జంగ్లీఘాట్‌లోనో డెయిరీఫారంలోనో గారాచర్మలోనో ఏళ్ళ తరబడి కూడబెట్టి కట్టుకున్న ఇంటిని అమ్మకానికి పెట్టే తెలుగు కుటుంబాలు పోర్ట్ బ్లెయిర్‌లో చాలా ఉన్నాయి. (2024 సెప్టెంబరు నుంచి ఊరి పేరు శ్రీ విజయపురం. అలవాటు కొద్దీ పాత పేరే రాస్తున్నాను.) వాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. బ్రోకరుకు అప్పగించాలా, ఫోన్లో ఫొటోలు పెట్టి మనమే అమ్ముకోవాలా? ఎందులో ఖర్చు తక్కువ?

నా మాట ముందే చెప్పేస్తాను. ఇలాంటి ఊళ్ళో అమ్మకం ధర మీద శాతం చొప్పున కమీషన్ ఇవ్వడం అమ్మేవాడికి నష్టం. అలాగని ఉచితంగా ప్రకటన పెట్టగానే ఇల్లు అమ్ముడైపోతుందని నమ్మితే ఇంకా పెద్ద నష్టం. ఇంటి కాగితాలు మనమే సిద్ధం చేసుకోవాలి, ప్రకటన మనమే పెట్టుకోవాలి. కాలికి బలపం కట్టుకుని తిరిగే పనికి మాత్రం ఒక మనిషిని పెట్టుకుని, ముందే మాట్లాడుకున్న మొత్తం ఇవ్వాలి.

60 లక్షల ఇల్లు అనుకుందాం. 2 శాతం అంటే 1,20,000 రూపాయలు. కొనేవాళ్ళ దగ్గరా అంతే తీసుకుంటే ఒక్క బేరం మీద 2,40,000. ఇల్లు 40 లక్షలదైనా 80 లక్షలదైనా బ్రోకరు తిరిగే తిరుగుడు ఒకటే, చేసే ఫోన్లు అన్నే. పైగా ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకునే మనిషి ఎవరి తరఫున బేరమాడుతున్నట్టు? ఇంకో లక్ష రాబడితే అతనికి దక్కేది ఇద్దరి దగ్గరా కలిపి 4,000. ఆ 4,000 కోసం నెల రోజులు ఆగేకంటే, "అన్నా, పార్టీ రెడీగా ఉంది, రేపే టోకెన్ ఇస్తారు, ఒప్పేసుకోండి" అనడమే అతనికి లాభం. అతను చెడ్డవాడని కాదు, శాతం పద్ధతే అతన్ని అటు నెడుతుంది.

ఇది నా ఊహ కాదు. స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలోని షికాగో ప్రాంతంలో దాదాపు లక్ష ఇళ్ళ అమ్మకాలు పరిశీలించి 2008లో ఒక పత్రం ప్రచురించారు. ఏజెంట్లు తమ సొంత ఇళ్ళు అమ్ముకున్నప్పుడు తమ క్లయింట్ల ఇళ్ళకంటే సుమారు 3.7 శాతం ఎక్కువ ధర తెచ్చుకున్నారు, సుమారు 9.5 రోజులు ఎక్కువ ఆగారు. మన ఇంటికి తొందరపడినవాళ్ళే తమ ఇంటికి ఓపిక పట్టారన్నమాట.

మరి ఆన్‌లైన్? 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి అండమాన్‌కు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యేదాకా ఇక్కడి ఇంటర్నెట్ అంతా ఉపగ్రహాల మీదే నడిచింది. నాలుగు ఫొటోలు ఎక్కించడానికే గంటలు పట్టేది. ఇప్పుడు ఇంటి వీడియో తీసి పెట్టడం నిమిషాల పని. 99ఏకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్, ఓఎల్ఎక్స్ ఉన్నాయి, ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి. దళారి లేకుండానే ఇల్లు చేతులు మారాలంటూ 2014లో పుట్టిన నోబ్రోకర్ లాంటి సంస్థలు పెద్ద నగరాలను చూసుకుని నడుస్తున్నవి. మనలాంటి చిన్న ద్వీప పట్నానికి వాటి బలం అందదు. జాతీయ పోర్టల్లో మన ప్రకటన చూసి ఫోన్ చేసేవాళ్ళలో ఎక్కువమంది సముద్రం కనిపించే ఇల్లు కావాలని కలలు కనే మెయిన్‌ల్యాండ్ వాళ్ళు. అసలు కొనేవాళ్ళు తరచుగా ఇదే ఊళ్ళో అద్దెకుంటున్న ఉద్యోగులో అబర్డీన్ బజారు వ్యాపారులో అయి ఉంటారు. వాళ్ళకు వార్త చేరడానికి పోర్టల్‌కంటే తెలుగు, తమిళ, బెంగాలీ వాళ్ళ వాట్సాప్ గ్రూపులే దగ్గర దారి. ఆ గ్రూపుల్లో పెట్టడానికి పైసా ఖర్చు లేదు.

ముందే ఫీజు కట్టించుకునే ఆన్‌లైన్ ఏజెంట్ల సంగతి బ్రిటన్‌లో పర్పుల్‌బ్రిక్స్ చూపించింది. శాతానికి బదులు ఒకే మొత్తం ఫీజు అని 2014లో వచ్చి సంచలనమైంది. కానీ ఇల్లు అమ్ముడైనా కాకపోయినా ఫీజు కట్టాల్సి వచ్చేది. 2023లో ఆ సంస్థ వ్యాపారాన్ని స్ట్రైక్ అనే మరో సంస్థ ఒక్క పౌండుకు తీసుకుంది. ఫీజు ముందే చేతిలో పడితే అమ్మిపెట్టాలన్న పట్టుదల ఎవరికుంటుంది? అందుకే మొత్తం మాట్లాడుకున్నా, చెల్లించేది మాత్రం రిజిస్ట్రేషన్ రోజునే కావాలి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. అమెరికాలోని మాడిసన్‌లో ఏజెంటు లేకుండా ఒక వెబ్‌సైట్ ద్వారా సొంతంగా అమ్ముకున్నవాళ్ళకు ఏజెంట్లు తెచ్చిన ధరకు తక్కువేమీ రాలేదని 2009లో అచ్చయిన ఒక అధ్యయనం తేల్చింది. కాకపోతే వాళ్ళకు ఎక్కువ కాలం పట్టింది, కొందరు విసిగి చివరికి ఏజెంటు దగ్గరికే వెళ్ళారు. ఆగగలిగే వెసులుబాటు ఉన్నవాళ్ళకే ఆ దారి.

ఇక్కడిదాకా చెప్పింది ఏ ఊరికైనా వర్తిస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లో మాత్రం అమ్మకాన్ని నిలబెట్టేదీ పడగొట్టేదీ నేల. 1966 నాటి అండమాన్ నికోబార్ భూమి శిస్తు, భూసంస్కరణల రెగ్యులేషన్ ప్రకారం ఈ ద్వీపాల భూమి ప్రభుత్వానిది. మన చేతిలో ఉండేది ఆ చట్టం కింద వచ్చిన కౌలుదారు హక్కో, గ్రాంటు హక్కో, లైసెన్సో. ఆంధ్రలో పట్టా భూమి అమ్మినట్టు ఇక్కడ అమ్మలేం. ముందుగా తహశీల్ కార్యాలయం నుంచి భూమి హక్కు నమోదై ఉండే ఫారం ఎఫ్ తాజా నకలు తీసుకోవాలి. అందులో హక్కు ఏ తరగతిదో చూడాలి. సాగు భూమిగా ఉన్నదాన్ని ఇంటి స్థలంగా డైవర్షన్ చేయించారో లేదో చూడాలి. తండ్రి పేరు మీదే ఉండిపోతే వారసుల మ్యుటేషన్ పూర్తి చేయించాలి, బదిలీకి ఏ అనుమతి కావాలో రాతపూర్వకంగా అడగాలి. ఈ పనులకు నెలలు పడతాయి. బ్రోకరు ఫోటో తీసుకుని కొనేవాళ్ళను తెచ్చాక ఇవి మొదలుపెడితే, ఆ జాప్యంలో కొనేవాడు ధర తగ్గించమంటాడు, లేదా టోకెన్ వెనక్కి అడుగుతాడు. అసలు డబ్బు పోయేది అక్కడే. దాని ముందు రెండు శాతం ఒక లెక్కలోది కాదు.

ఆక్రమణల మాట దాటవేయకూడదు. 1978 తరువాత అటవీ భూమిలో జరిగిన ఆక్రమణలను తొలగించాలని 2002 మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా హక్కు పత్రం లేని స్థలంలోని ఇళ్ళను నోటరీ కాగితం మీదో జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీదో చౌకగా చేతులు మారుస్తూనే ఉన్నారు. రిజిస్టరు దస్తావేజు లేకుండా పవర్ ఆఫ్ అటార్నీ మీదే జరిగే అమ్మకం యాజమాన్యాన్ని బదిలీ చేయదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పోర్టల్‌లో పెట్టే ప్రకటనకు ఈ తేడా తెలియదు. ఫారం ఎఫ్ ఉన్న ఇల్లూ నోటరీ కాగితపు ఇల్లూ తెర మీద పక్కపక్కనే కనిపిస్తాయి, రెండోది ఎప్పుడూ చవకగా కనిపిస్తుంది. నిజాయితీగా కాగితాలు ఉన్నవాళ్ళ ధర దాంతో దిగిపోతుంది. అందుకే ప్రకటనలో మొదటి ఫొటో హాలుది కాకుండా ఫారం ఎఫ్‌ది పెట్టమంటాను. సర్వే నంబరు పూర్తిగా కనిపించకుండా కప్పి, హక్కు తరగతి కనిపించేలా పెడితే చాలు. నిజంగా కొనాలనుకునేవాళ్ళు మాత్రమే ఫోన్ చేస్తారు.

నీళ్ళ సంగతీ పోర్టల్‌కు తెలియదు. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఇక్కడి నేల మీటరు దాకా కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లోకి వచ్చిన ఉప్పునీరు తిరిగి పోలేదు. పోటు వేళ వీధిలోకి నీరు వస్తుందా, వేసవిలో మునిసిపాలిటీ నీళ్ళు ఎన్ని రోజులకొకసారి వస్తాయి, ఇంటికి సొంత బావి ఉందా, ఇవన్నీ స్థానిక మధ్యవర్తికి నాలుక చివర ఉంటాయి. ఆ జ్ఞానానికి విలువ ఇవ్వాల్సిందే. నేను వద్దంటున్నది అతన్ని కాదు, అతనికి డబ్బు లెక్కగట్టే తీరును.

ఇప్పుడున్న చట్టం ఇక్కడి అమ్మకందార్లకు పెద్దగా అండ కాదు. 2016 రెరా చట్టం ఏజెంట్లు నమోదు చేసుకోవాలంటుంది గాని, అది నమోదైన ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు, ప్లాట్లు అమ్మేవాళ్ళకు. పాత ఇల్లు చేతులు మార్పించే బ్రోకరుకు వర్తించదు. పైగా అండమాన్‌ను చూసే రెరా సంస్థ తమిళనాడుదే. అది ఉండేది చెన్నైలో, వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం అవతల. ఇళ్ళు అమ్మిపెట్టేవాళ్ళ పేర్లు మునిసిపాలిటీలోనో డిప్యూటీ కమిషనర్ కార్యాలయంలోనో నమోదు చేసి, వాళ్ళు తీసుకునే ఫీజు అందరికీ కనిపించేలా బోర్డు మీద పెట్టాలని స్థానిక పాలకులను అడగాల్సిన సమయం వచ్చింది. ఆంధ్ర సంఘాలూ ఈ మాట ఎత్తుకోవచ్చు.

అది జరిగేదాకా మధ్యవర్తితో ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. ఏ పనికి ఎంత మొత్తం, ఎవరు ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, రెండో పక్షం నుంచి తీసుకుంటున్నాడా లేదా, ఎన్నాళ్ళు చెల్లుతుంది, అన్నీ అందులో ఉండాలి. అతనొక్కడికే అప్పగిస్తున్నట్టు మాత్రం రాయకండి. మీరే వాట్సాప్‌లో కొనేవాళ్ళను తెచ్చుకుంటే అతనికి ఎంత ఇవ్వాలో కూడా ముందే రాసుకోండి, చివర్లో గొడవలు దాని మీదే వస్తాయి. డబ్బు బ్యాంకు ద్వారా ఇచ్చి రశీదు తీసుకోండి. రేపు ఆదాయపు పన్ను లెక్కలో ఆ కమీషన్‌ను అమ్మకపు ఖర్చుగా తీసివేసుకోవాలంటే అదే ఆధారం.

ఇప్పటికే విశాఖ వెళ్ళిపోయి, రెండు మూడు రోజుల ఓడ ప్రయాణం చేయలేక బ్రోకరు పేరునే పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చేవాళ్ళకు ఒక్క మాట. ఆ అధికారం రక్తసంబంధీకులకే ఇవ్వండి. ధర ఖాయమయ్యాకే ఇవ్వండి. సబ్‌రిజిస్ట్రారు ముందు సంతకం వరకే పరిమితం చేయండి, డబ్బు నేరుగా మీ ఖాతాలోకే రావాలని అందులో రాయించండి. బయానాగా నగదు రూపంలో 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని తీసుకుంటే, తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడే నిబంధన 2015 నుంచి ఉంది. ధర 50 లక్షలు, ఆ పైన అయితే కొనేవాళ్ళు 1 శాతం పన్ను పట్టుకుని మీ పాన్ మీద జమ చేయాలి. 2024 జులై 23కు ముందు కొన్న ఇల్లయితే లాభం మీద ఇండెక్సేషన్ లేకుండా 12.5 శాతమా, ఇండెక్సేషన్‌తో 20 శాతమా అన్నది చూసుకుని తక్కువది కట్టవచ్చు. అమ్మిన డబ్బుతో విశాఖలో గడువులోగా ఇల్లు కొంటే చాలామందికి ఆ పన్నూ ఉండదు. ఈ లెక్క ధర చెప్పకముందే ఒక ఆడిటరు దగ్గర వేయించుకోండి. అతనూ ఫీజు తీసుకుంటాడు, కానీ శాతం అడగడు.