ప్రతిభను వెదకుట పాఠశాల ధర్మము

ఇంటర్మీడియట్ ఫలితములును, ఇంజనీరింగు, వైద్యవిద్యా ప్రవేశపరీక్షల ర్యాంకులును వెలువడు దినములలో నారాయణగూడ చౌరస్తా మొదలు చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ క్రాస్‌రోడ్ల దాక నడచిపోవువారికి గోడలమీదను, స్తంభములమీదను బాలబాలికల ఛాయాచిత్రములును, వాని క్రింద పెద్ద పెద్ద అంకెలును కానవచ్చును. ఆ పిల్లల శ్రమ సత్యము. వారి తల్లిదండ్రుల త్యాగము సత్యము. వారిని మనసార అభినందింపవలసినదే. కాని ఆ చిత్రములను చూచినప్పుడెల్ల నా మనస్సు వానిలో చోటు దొరకని ముఖముల వైపు పోవుచుండును. రాంనగర్ చేపల మార్కెట్టులో తెల్లవారుజామున తల్లికి సాయపడి, ఆపై సర్కారు బడికి పరుగెత్తు పిల్లవానిలోను, అశోక్‌నగర్ అపార్టుమెంటు క్రింద వాచ్‌మన్ గదిలో పెరుగుచు పాత వార్తాపత్రికలోని పదకేళిని ఒంటరిగా పూరించుకొను బాలికలోను ఎంతటి మేధ యున్నదో కనుగొను బాధ్యత మన విద్యావ్యవస్థలో ఎవరిది? ఈ ప్రశ్నకు సూటియైన సమాధానము లేకపోవుట మన సమాజమునకు గొప్ప నష్టమని నా విశ్వాసము.

ఈ పేటలలో టాలెంట్ టెస్టు అను మాట వినని గృహస్థు లేడు. ప్రైవేటు విద్యాసంస్థలు ఏటేట పరీక్షలు పెట్టి, ఎక్కువ మార్కులు వచ్చినవారికి ఫీజులో రాయితీ యిచ్చి చేర్చుకొని, వారిని స్టార్ బ్యాచ్ అనియు, ఒలింపియాడ్ బ్యాచ్ అనియు వేరుగా కూర్చుండబెట్టుట మన మెరిగినదే. అయితే ఆ పరీక్షకు వచ్చు పిల్లవాడు అప్పటికే ఎవరో ఒకరి దృష్టిలో పడినవాడు. తండ్రి దరఖాస్తు నింపినాడు, అన్న మాదిరి ప్రశ్నపత్రములు తెచ్చినాడు, ట్యూషను మాస్టారు ఆదివారములు కూర్చుండబెట్టి అభ్యాసము చేయించినాడు. మన పొరుగున నల్లకుంటలో చుక్కా రామయ్యగారు నడపిన ఐఐటీ శిక్షణాలయము గణితమును మూలములనుండి బోధించుటలో తెలుగుదేశమంతట ప్రఖ్యాతి గాంచినది. తుదకు అందులో సీటు కొరకై ప్రవేశపరీక్షయు, ఆ ప్రవేశపరీక్షకై వేరొకచోట శిక్షణయు ఏర్పడినవి. అది ఆ గురువరుని దోషము కాదు. పరీక్ష యొక్కటే ద్వారమైనచోట ఆ ద్వారము ముందర అంగళ్లు వెలయుట లోకసహజము. అంగడిలో కొనగలవాడు ముందుగా లోపలికి పోవుటయు సహజమే.

ప్రతిభ యున్నచోటికి విద్యయే వెదకికొనుచు పోవుట యెట్టిదో ఈ నారాయణగూడయే ఒకనాడు చూపినది. ఉర్దూ రాజభాషయై, ఉన్నతవిద్యకు మాధ్యమమై యున్న నిజాం రాజ్యమున, ఇంట తెలుగు తప్ప వేరొండు భాష యెరుగని బాలిక యెంత తెలివిగలదైనను ఆ తెలివి లోకమునకు గోచరించు మార్గమే లేని కాలమున, 1928లో మాడపాటి హనుమంతరావుగారు ఆమెను ఆమె భాషలోనే పలుకరించు బాలికల పాఠశాలను ఇచ్చట నెలకొల్పిరి. బిడ్డ యే భాషలో ఆలోచించునో ఆ భాషలో అడుగని ప్రశ్న ఆ బిడ్డ ప్రజ్ఞను కొలువజాలదు. బ్రతుకుదెరువు వెదకికొనుచు పాలమూరునుండి, ఒడిశానుండి, బీహారునుండి వచ్చిన కుటుంబముల పిల్లలును, ఇంట లంబాడీ భాష మాటలాడు పిల్లలును మన బడులలో నేడు కూర్చుండియున్నారు. ఆంగ్లములో అచ్చైన ప్రశ్నపత్రము వారి అజ్ఞానమును గాక, మన అజాగ్రత్తను బయటపెట్టుచున్నది.

ఈ వెదకులాటను ప్రభుత్వ కార్యముగ మార్చిన కీర్తి పి.వి. నరసింహారావుగారిది. ఆయన ముఖ్యమంత్రిగా నున్న కాలమున, 1971 నవంబరులో, నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల వెలసినది. పల్లెలలోని చురుకైన పిల్లలను పరీక్ష ద్వారా ఎన్నుకొని, వారికి భోజన వసతులు కల్పించి, గురువులు వారితోనే నివసించుచు బోధించు ఆ పద్ధతి పిమ్మట గుంటూరు జిల్లా తాడికొండకును, అనంతపురము జిల్లా కొడిగెనహళ్లికిని వ్యాపించినది. 1985లో కేంద్రమున మానవ వనరుల శాఖను చేపట్టిన పి.వి.గారి హయాములోనే నవోదయ విద్యాలయములు రూపుదిద్దుకొన్నవి. జిల్లాకొక విద్యాలయము, ఆరవ తరగతిలో 80 మందికి ప్రవేశము, కనీసము 75 శాతము సీట్లు గ్రామీణులకు అను నియమములు ఎన్నో వేల బీదకుటుంబముల గతిని మార్చినవి. ఆ మేలును మరచుట కృతఘ్నత. అయినను 80 మందిని ఏరి తీసికొనిపోయిన పిమ్మట 81వ స్థానమున నిలిచిన బిడ్డ మరల తన పాత బడికే పోవును. ఆ బడిలో వాని కొరకు ఏ మార్పును జరుగదు. ఎన్నుకొనుటకు మనము నేర్చుకొంటిమి గాని, ఎన్నిక కానివారిని ఉన్నచోటనే పోషించుట ఇంకను నేర్చుకొనలేదు.

ఒక్కనాటి పరీక్ష ఎంతవరకు నమ్మదగినదో చరిత్ర పదే పదే చెప్పుచున్నది. గణితము తప్ప తక్కిన పాఠములను ఉపేక్షించి కుంభకోణము కళాశాలలో ఉపకారవేతనమును పోగొట్టుకొన్న శ్రీనివాస రామానుజన్‌ను 1910లో ఆదరించినవారు అప్పటి నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావుగారు, కళాశాల పరీక్షలు కనుగొనలేనిదానిని ఆయన ఆ యువకుని నోటుపుస్తకములలో ఓపికతో చూచి, నెలకు 25 రూపాయలు తన చేతినుండి యిచ్చి నిలిపిరి. భీమవరమున పుట్టి, ఔషధ విజ్ఞానమున ప్రపంచమునకే ఉపకారము చేసిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మూడవ ప్రయత్నమున గాని మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. అమెరికాలో 1921లో లూయిస్ టెర్మన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ప్రజ్ఞాంక పరీక్షలు జరిపి సుమారు 1,500 మంది మేధావులైన పిల్లలను ఎన్నుకొని ఆజీవనము పరిశీలింప బూనినాడు. ఆ పరీక్షలలో చాలరని విడువబడిన ఇద్దరు బాలురు, విలియమ్ షాక్లీ, లూయిస్ ఆల్వరెజ్, పెద్దవారై భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లందుకొనిరి. ఇక మన తెలంగాణములో, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులమున చదువుకొనుచు, భువనగిరి కొండమీద శిక్షణ పొంది, 2014 మే 25న పదమూడేండ్ల ప్రాయమున ఎవరెస్టు శిఖర మెక్కినది. ఆమె శక్తిని ఏ ప్రశ్నపత్రము కనుగొనియుండును? అవకాశ మిచ్చి చూచినందువలననే అది తెలియవచ్చినది.

మరి చేయవలసిన దేమి? ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీ అనుభవ మొకటి మనకు మార్గము చూపగలదు. అచ్చట ఉపాధ్యాయుడో తల్లిదండ్రులో సిఫారసు చేసిన పిల్లలనే ప్రతిభావంతుల తరగతులకై పరీక్షించు ఆచారముండెను. 2005 ప్రాంతమున రెండవ తరగతి పిల్లలందరికిని ఒక ప్రాథమిక పరీక్ష పెట్టగా, అంతవరకు ఎవరి కంటను పడని పేద, నల్లజాతి, హిస్పానిక్ కుటుంబముల పిల్లలు పెక్కుమంది ఆ తరగతులకు అర్హులని తేలినదని డేవిడ్ కార్డ్, లారా జూలియానో అను ఆర్థికశాస్త్రజ్ఞులు చూపిరి. పొదుపు పేరిట ఆ పద్ధతిని సడలించిన తరువాత వారి సంఖ్య మరల తగ్గిపోయినది. పిల్లలు మారలేదు, చూచు కన్నులు మూతబడినవి, అంతే.

మన యొద్ద సాధనములు బొత్తిగ లేకపోలేదు. 2008లో ఆరంభమైన జాతీయ మీన్స్ కమ్ మెరిట్ ఉపకారవేతన పథకము క్రింద, కుటుంబ వార్షికాదాయము మూడున్నర లక్షలు మించని ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల విద్యార్థులు ఎనిమిదవ తరగతిలో పరీక్ష వ్రాసి ఎంపికైనచో, తొమ్మిది మొదలు ఇంటర్ ముగియువరకు ఏటికి 12,000 రూపాయలు పొందుదురు. కాని దరఖాస్తు పంపవలెనను శ్రద్ధ ఒక బడిలో ప్రధానోపాధ్యాయునికి ఉండును, వేరొక బడిలో ఉండదు. ధనము బ్యాంకు ఖాతాలో పడును గాని, ఆ బిడ్డ మరునాడును అదే బెంచీమీద, తనకు ముందే తెలిసిన పాఠమునే వినును. 1963లో మొదలై దేశమున కెందరో శాస్త్రజ్ఞుల నందించిన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష 2021 తరువాత నిలిచిపోయినది. దానిని పునరుద్ధరింపుమని అడుగుట మన హక్కు. ఇందుకు భిన్నముగ, 2008లో నెలకొన్న రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము పదవ తరగతి ఫలితములను బట్టి పిల్లలను చేర్చుకొనునప్పుడు ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి 0.4 పాయింట్లు అదనముగ కలుపు విధానమును పాటించినది. సమాన ఫలితము వెనుక అసమానమైన శ్రమ యున్నదని గుర్తించిన ఆ నియమమునందు న్యాయబుద్ధి కలదు.

నా అభిప్రాయమున ప్రతి ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలో మూడవ తరగతియందు నొకసారి, ఆరవ తరగతియందు నొకసారి, పిల్లలందరిని, దరఖాస్తుతో పని లేకుండ, వారి యింటి భాషలో, చిక్కుప్రశ్నలతోను, బొమ్మలతోను, మాటలతోను, ఒకటికి రెండు దినములు పరిశీలింపవలెను. ఏడాది పొడుగున ఉపాధ్యాయుడు గమనించిన విశేషములకు, అనగా ఎవరు అడుగని ప్రశ్న అడిగినారో, ఎవరు లెక్కను వేరొక త్రోవను చేసినారో, ఎవరి గొంతులో సంగీతమున్నదో, వీనికి పరీక్షతో సమానమైన విలువ నీయవలెను. గుర్తించిన బిడ్డను తోటివారినుండి వెలివేసినట్లు వేరు చేయక, గణితమున ముందున్నవానిని ఆ ఒక్క గంట పై తరగతిలో కూర్చుండనీయవచ్చును; పూర్వము డబుల్ ప్రమోషను ఇచ్చిన బడులకు ఇది క్రొత్త సంగతి కాదు. అడిక్‌మెట్ వంతెన కావలనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు పరిశోధక విద్యార్థులు వారమున కొకసారి రాంనగర్ బడులకు వచ్చినను, ఉద్యోగపరీక్షలకు చదువు యువకులతో నిండియుండు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున ఈ పిల్లల కొరకై ఒక గది ఏర్పరచినను, త్యాగరాయ గానసభలో పాడుటకు వారికి వేదిక నిచ్చినను, కాగల వ్యయ మెంత? 2020 జాతీయ విద్యావిధానమే విషయాల వారీ బృందములను, ప్రతిభావంతులకు బోధించుటలో ఉపాధ్యాయులకు శిక్షణను కోరుచున్నది గదా.

అక్షరములే సరిగ రానివా రెందరో యుండగా మేధావులకు ప్రత్యేక శ్రద్ధ యేల యని కొందరు పెద్దలు అడుగుదురు. వారి ఆవేదన న్యాయమైనది. అయితే సంపన్నుల యింట పుట్టిన మేధావికి తల్లిదండ్రులు, ట్యూషన్లు, పుస్తకములు ఉన్నవి. బీదయింట పుట్టిన మేధావికి బడి తప్ప వేరు దిక్కు లేదు. ఆ బడి వానిని పట్టించుకొననిచో వాడు విసిగి అల్లరివాడనిపించుకొనును, లేదా నోరు మెదపక కూర్చుండి ఎనిమిదవ తరగతి తరువాత పనికి కుదురును. అంతేగాక పిల్లలందరిని శ్రద్ధగ చూచుటకు అలవడిన ఉపాధ్యాయుడు వెనుకబడినవాని కష్టమును కూడ మునుపటికంటె ముందుగా కనుగొనును. కావున ఈ రెండు కార్యములు పరస్పర విరుద్ధములు కావు.

2009 విద్యాహక్కు చట్టము ప్రతి బిడ్డకు బడిలో స్థానము నిచ్చినది. ఆ స్థానమున కూర్చున్న బిడ్డలో ఏ శక్తి యున్నదో తెలిసికొనవలసిన బాధ్యతను కూడ ప్రభుత్వము పాఠశాలకు స్పష్టముగ అప్పగింపవలెను. దానికై ప్రతి బడిలో ఒక ఉపాధ్యాయుని నియమించి, ఆయనకు గంటలు కేటాయించి, ఏడాది తుదిని ఎందరిని గుర్తించితిరి, వారికేమి చేసితిరి అని జిల్లా విద్యాధికారి లిఖితపూర్వకముగ అడుగవలెను. కొత్త భవనములు, కొత్త సొసైటీలు అక్కరలేదు. వచ్చు విద్యాసంవత్సరముననే ముషీరాబాదు మండలపు బడులతో దీనిని ఆరంభింపవచ్చును; ఆరంభింపవలెనని విద్యాశాఖను ప్రార్థించుచున్నాను.