పిల్లికి పెరుగన్నం చాలునా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో పిల్లిని పెంచుకొనే వారిని దాని ఆహారమేమని అడిగితే తరచుగా వచ్చే సమాధానం ఒక్కటే: పాలు, పెరుగన్నం, ఒక్కొక్కనాడు పాలలో పిసికిన సంగటి. శాకాహారుల ఇళ్ళలో ఈ మాటను కొంత గర్వంతో చెప్పుట కూడ విన్నాను. "మా పిల్లి మాంసం ముట్టదండీ, మాతోబాటు పెరుగన్నమే" అన్నది పుంగనూరులో ఒక గృహిణి. ఆ పిల్లి వెంట్రుకలు పలుచబడి, వెన్నుపూసలు చేతికి తగులుతున్నవి. ఆమె ప్రేమను నేను శంకించను. కాని మన ఆచారమును వేరొక ప్రాణి కడుపుపై మోపుట కరుణ కాదని నా నిశ్చితాభిప్రాయం.

"మన అవ్వలు, తాతలు పెట్టినది కూడ పెరుగన్నమే కదా" అని కొందరు వాదించవచ్చును. నిజమే, వారు పెట్టినది పెరుగన్నమే. పిల్లి తిన్నది మాత్రం అదొక్కటే కాదు. నాటి మిద్దెలలో, పెంకుటిళ్ళలో వేరుశనగ మూటలు, ధాన్యపు గాదెలు ఉండేవి. పట్టుపురుగులను పెంచే ఇళ్ళలోనైతే ఎలుకల బెడద చెప్పనలవి కాదు. పిల్లిని తెచ్చుకొనుటే అందుకు. అవ్వ పెట్టిన గుప్పెడు అన్నం దానికి ఉపాహారం వంటిది. అసలు భోజనం గాదె వెనుక చీకటిలో జరిగేది. నేడు ఇల్లు సిమెంటుది, బియ్యం స్టీలు డ్రమ్ములో ఉన్నవి, కిటికీలకు దోమల వల బిగించి ఉన్నది. ఎలుక పోయినది, బల్లి పోయినది, ఆ గుప్పెడు అన్నమే మిగిలినది. ఈ మార్పును మనం గమనించలేదు.

ఆయుర్వేదంలో సాత్మ్యమనే మాట పాఠకులకు క్రొత్త కాదు. అలవాటు వలన ఒంటికి సరిపడినదానిని ఓకసాత్మ్యమన్నారు. పెరుగన్నం పిల్లికి అట్లే సాత్మ్యమైనదని ఒక మిత్రుడు నాతో వాదించినాడు. చరక సంహిత సూత్రస్థానంలో పిల్లిని 'ప్రసహ' వర్గంలో, అనగా ఆహారమును బలాత్కారంగా లాగికొని తినే జంతువులలో చేర్చినారు. ఆ జాబితాలో ఆవు, గుర్రం కూడ ఉన్నవి కనుక దానిని పట్టుకొని నేను వాదించబోను. మిత్రునికి నా జవాబు వేరు. అలవాటు నాలుకను ఒప్పించవచ్చును గాని శరీరం తయారుచేయలేని పదార్థమును తయారుచేయించలేదు.

ఆ పదార్థం పేరు టారిన్. మన శరీరం దానిని తయారుచేసికొనగలదు. పిల్లి శరీరం తగినంతగా చేసికొనలేదు. మాంసంలో, చేపలో అది ఉన్నది. బియ్యంలో, పప్పులో, కూరగాయలలో దాదాపు లేదు. పాలలో ఉన్నది పిల్లికి చాలదు. టారిన్ లోపిస్తే పిల్లి కంటిపొర క్షీణించునని 1975లోను, గుండె కండరం బలహీనపడి ఉబ్బునని 1987లోను అమెరికా శాస్త్రజ్ఞులు వెల్లడించినారు. గుండె కొంతవరకు కోలుకొనవచ్చును గాని పోయిన చూపు తిరిగి రాదు. ఈ హాని నెలల తరబడి నిశ్శబ్దంగా జరుగును కనుక ఎవరూ అన్నమును అనుమానించరు. క్యారెట్టు వంటి వాటిలోని పసుపు పదార్థమును విటమిన్ ఎ గా మార్చుకొనే శక్తి కూడ పిల్లికి లేదు.

ఇక పాల సంగతి. పుంగనూరు ఆవుపాలలో వెన్న శాతం 8 వరకు ఉండునని ప్రసిద్ధి. అంతటి పాలున్న ఊరిలో పిల్లికి పోయవద్దని చెప్పుట కష్టమే. అయినను ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనములగును. పాలను చూచి పారిపోయిన తెనాలి రామకృష్ణుని పిల్లి కథకు మనం నవ్వుకొంటిమి గాని, అది నష్టపోయినది పెద్దగా లేదు!

మరి ఏమి పెట్టవలె? ఉప్పు, కారం లేకుండ ఉడికించిన కోడిమాంసం, కోడిగుండెలు, ముల్లు తీసిన చేప. టారిన్ నీటిలోనికి దిగును కనుక ఉడికించిన నీటిని పారబోయక అందులోనే కలపవలె. కార్జం మితంగానే పెట్టవలె. ఉడికిన ఎముకలు పెట్టరాదు. అయితే ఎముక లేని మాంసమొక్కటే ఐతే సున్నం లోపించును. అందుచేత పిల్లుల కొరకే తయారైన క్యాట్ ఫుడ్‌ను ప్రధానాహారంగా పెట్టుట మేలు. మాంసం వండుటకు మనసొప్పని ఇళ్ళకు కూడ ఇదే దారి. వసారాలో ఒక గిన్నె వేరుగా ఉంచితే చాలును. అదియు ఒప్పనివారు పిల్లిని పెంచకుండుటే న్యాయమని చెప్పుటకు నేను సంకోచించను. మార్పును ఒక్కనాడే చేయక, వారం పది దినములలో కొద్దికొద్దిగా చేయవలె.

ఈ పత్రిక చదివి ఇంటివైద్యం చేసికొనే వారికి మరొక మాట. మనకు మేలుచేసే వెల్లుల్లి, ఉల్లి పిల్లి రక్తకణములను చెడగొట్టును; మిగిలిన చారన్నంలో ఉన్నను అంతే. కర్పూరం, నీలగిరి తైలం దానికి విషతుల్యములు. జ్వరమని వేసే పారాసిటమాల్ మాత్ర ఒక్కటే దాని ప్రాణం తీయగలదు. లంఘనం పరమౌషధమన్న మాట కూడ పిల్లికి వర్తించదు. లావైన పిల్లి రెండు మూడు దినములు తినకుంటే దాని కాలేయంలో క్రొవ్వు చేరి ప్రాణాపాయం కలుగును. పథ్యం పెట్టినామని ఊరకుండక, ఒక్కరోజు పూర్తిగా ముట్టకుంటే మరునాటి ఉదయమే పశువైద్యశాలకు తీసికొని పోవలె.